పైడమ్మత్త వెనక్కి తీసుకున్న మాట

ఈ ఉదయం మా ల్యాబులో ఫ్రిజ్ తలుపు తీస్తుంటే అంచున పెట్టిన ఇన్సులిన్ సీసా జారి నేల మీద పడి పగిలింది. చిన్న సీసా, అందులో ఉన్నది రెండు చెంచాల మందు. కానీ వాసన గదంతా అలుముకుంది. ఇన్సులిన్‌కి ఒక వాసన ఉంటుందని రోజూ దాన్ని పొడుచుకునేవాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి పెద్దగా తెలియదు. కొత్త బ్యాండేజీ విప్పినప్పుడు వచ్చే వాసనలాంటిది, దానికన్నా కాస్త ఘాటు. నా పక్కన పనిచేసే అమ్మాయి కిటికీ తెరవబోతే "కాసేపు ఉండనీ" అన్నాను. ఎందుకన్నట్టు చూసింది. ఏం చెప్పను? ఈ వాసనకి పాత తోలుసంచి వాసన ఒక్కటి కలిస్తే చాలు, పైడమ్మత్త వచ్చి పక్కన నిలబడినట్టే ఉంటుంది నాకు. తను ఎవరో ఆ అమ్మాయికి తెలియదు. మీకూ తెలియదు. అందుకే రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి. నాన్న వరి పండించేవాడు. పైడమ్మ మా వీధిలోనే వాళ్ళమ్మతో కలిసి ఉండేది. మాకు చుట్టం కాదు. నాన్నని "అన్నా" అని పిలిచేది కాబట్టి నాకు అత్త అయింది. శ్రీకాకుళం నుంచి పలాస వెళ్ళే బస్సులో కండక్టరు. పొడవైన మనిషి, గట్టి గొంతు, చీర మీద ఖాకీ చొక్కా, భుజాన తోలుసంచి. ఆ సంచిలో ఒక అరలో చిల్లర, ఒక అరలో టిక్కెట్ల మిషను, లోపలి అరలో తడిగుడ్డ చుట్టిన ఇన్సులిన్ సీసా, సిరంజి, పంచదార పొట్లం. ఇంటర్ చదివే రోజుల్లోనే ఆమెకి ఈ జబ్బు వచ్చిందట. పెద్ద వయసులో చాలామందికి వచ్చే సుగరు కాదిది. ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే కణాలని ఒంటి రక్షణ వ్యవస్థే పరాయివనుకుని చంపేస్తుంది. ఇక బతికినన్నాళ్ళూ ఇన్సులిన్ బయటినుంచి ఎక్కించుకోవలసిందే. మానేస్తే కొద్దిరోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. సూదుల పిల్లని ఎవరు చేసుకుంటారని ఇంట్లోవాళ్ళు దిగులు పడుతుండగానే ఆమెకి ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత పెళ్ళిమాట ఎత్తినవాళ్ళని ఆమే నవ్వుతూ గుమ్మం దాటించేది.

నాకు ఏడో తరగతిలో అదే జబ్బు వచ్చింది. శ్రీకాకుళం ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు అమ్మ చేతిలో సిరంజి వణకడం చూసి నేను మంచం కిందికి దూరాను. ఎంత బతిమాలినా బయటికి రాలేదు. డ్యూటీ దిగి ఇంటికి పోతున్న పైడమ్మత్త అమ్మ ఏడుపు విని లోపలికి వచ్చింది. వచ్చినావిడ నన్ను లాగలేదు, గదమలేదు. మంచం పక్కన నేల మీద చతికిలబడి సంచిలోంచి సీసా తీసింది.

"ఒసే గుంటా, బయటికి రాకపోతే మానెయ్యి గానీ ఇటు సూడు" అంటూనే పొట్ట మీద చర్మం పట్టుకుని సూది పొడుచుకుంది.

"నొప్పెట్టదా?" అని మంచం కిందినుంచే అడిగాను.

"పెడతాది. ఎందుకు పెట్టదు? సీమ కుట్టినట్టుంటాది. సీమ కుట్టిందని బువ్వ మానేస్తామేటి?"

ఆసుపత్రిలో నర్సు, అమ్మ, నాన్న, మామయ్య, అందరూ నొప్పి ఉండదని చెప్పినవాళ్ళే. పెడుతుందని చెప్పినది ఆమె ఒక్కతే. అందుకే నమ్మాను. మంచం కిందినుంచి బయటికి వచ్చి జబ్బ చాపాను. ఆ తర్వాత సూది వేసుకోవడం, సీసా వేసవిలో నీళ్ళకుండ పక్కన చల్లగా దాచుకోవడం, ఒళ్ళు చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే పంచదార నోట్లో వేసుకోవడం, అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఇంటర్‌లో నన్ను నరసన్నపేట కాలేజీలో చేర్చారు. పొద్దున్నే పైడమ్మత్త బస్సులోనే వెళ్ళేదాన్ని. ఆమె తన జబ్బుని దాచుకునేది కాదు. రోజూ ఎక్కేవాళ్ళందరికీ తెలుసు. "నాను టిక్కెట్టు తప్పు కొడితేనో, పిచ్చి మాటలాడితేనో తాగినాననుకోకండి బాబూ, పంచదార నోట్లో ఎయ్యండి" అని చెప్పి పెట్టింది. ఒకసారి నేను చూస్తుండగానే ఆమె మాట తడబడింది. చేపలబుట్టతో ముందు సీట్లో కూర్చున్న భావనపాడు మనిషి దానమ్మ లేచి, సంచిలోకి చెయ్యి పెట్టి పొట్లం తీసి ఆమె నోట్లో పోసింది. కాసేపటికి పైడమ్మత్త కళ్ళు నిలబెట్టి చూసి, "నా పంచదారంతా సేపల కంపు సేసేసినావే" అంది. బస్సంతా నవ్వింది. నాకు ఆ నవ్వు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. కాలేజీలో నేను నా జబ్బు ఎవరికీ చెప్పలేదు. బాత్రూములోకి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుని సూది వేసుకునేదాన్ని. ఈవిడ మాత్రం అందరి మధ్యా నిలబడి బతికేది.

అలాంటి మనిషి ఆ ఏడాది సెలవు పెట్టి ఎవరికీ చెప్పకుండా ఎక్కడికో వెళ్ళింది. తిరిగి వచ్చాక మొహం వెలిగిపోతూ కనిపించింది. దూరాన ఒక పెద్ద నగరంలో ఎవరో క్లినిక్కు పెట్టారట. మూలకణాల వైద్యమట. పొట్ట దగ్గర కొవ్వు తీసి, అందులోంచి మూలకణాలు వేరుచేసి, మళ్ళీ ఒంట్లోకే ఎక్కిస్తారట. ఆ కణాలు వెళ్ళి పాడైపోయిన చోట కుదురుకుని ఇన్సులిన్ తయారుచేస్తాయట. తనకి అప్పుడే చేసి పంపారట. ఇదంతా ఆమె బస్సులో నిలబడి, కడ్డీ పట్టుకుని, అందరికీ వినపడేలా చెప్పింది.

"ఇన్నేళ్ళూ పొడుసుకున్నాను. ఇంక సూది తగ్గించుకుంటూ వచ్చి మానేస్తాను. డాకటరు సెప్పినాడు."

ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చి క్లినిక్కు చిరునామా నాన్న చేతిలో పెట్టింది. నన్ను చూపిస్తూ, "అన్నా, నా సంగతెలాగున్నా సిరీసకి సేయించు. సిన్న వయసు. దాని బతుకంతా ముందున్నాది." నాన్న కళ్ళు తుడుచుకోవడం నేను మొదటిసారి చూసింది ఆ రోజే. రైలు టిక్కెట్లు తీయించాడు. నేను ఆ వారమంతా గాలిలో నడిచాను. మిఠాయిల మీద నాకు పెద్ద ఆశ ఉండేది కాదు. అమ్మ మధ్యలో లేచి నా నుదురు తడిమి చూడకుండా ఒక్క రాత్రయినా నిద్రపోవాలని, స్నేహితురాళ్ళతో ఎక్కడికైనా ముందూ వెనకా చూడకుండా బయల్దేరిపోవాలని, అంతే నా ఆశ.

మా ప్రయాణం ఇంకా కొద్దిరోజులుందనగా పైడమ్మత్తని ఆసుపత్రిలో వేశారని కబురొచ్చింది. క్లినిక్కువాళ్ళు చెప్పినట్టే సూది తగ్గించింది. సుగరు పెరుగుతోందని ఫోన్ చేస్తే కొత్త కణాలు సర్దుకునే ముందు అలాగే ఉంటుందన్నారట. పూర్తిగా మానేసింది. వాంతులు పట్టుకున్నాయి. ఊపిరి ఎగపోస్తూ స్పృహ తప్పిన మనిషిని వాళ్ళమ్మ, ఇరుగుపొరుగు కలిసి శ్రీకాకుళం తీసుకెళ్ళారు. మేము చూడడానికి వెళ్ళినప్పుడు కళ్ళు మూసుకుని గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రలో లేదని నాకు తెలుసు. నాన్న పలకరించినా తిరగలేదు.

ఆసుపత్రి నుంచి వదిలేశాక ఆమె తన ఇంటికి వెళ్ళే ముందు మా ఇంటి దగ్గరే ఆటో ఆపించింది. గుమ్మం దగ్గర స్తంభం పట్టుకుని నిలబడింది. చిక్కి సగమైంది.

"అన్నా, నాను సెప్పిన మాట తప్పు. పిల్లని తీసుకెల్లొద్దు."

నాన్న గూట్లో పెట్టిన రైలు టిక్కెట్ల వైపు చూశాడు. తర్వాత, "నీకు పడనేదని మా పిల్లకీ పడదేటి? నీది ముదిరిపోయింది. దీనిది లేత ఒళ్ళు" అన్నాడు.

నేనయితే ఇంకా గట్టిగా అరిచాను. "నువ్వు సేయించుకున్నావు కదా! నన్నెందుకు ఆపుతన్నావు?" అని.

ఆమె కోప్పడలేదు. గుమ్మం మీదే కూర్చుంది. "ఎందుకంటే నీకు సిరునామా ఇచ్చింది నానే. నీకేటైనా అయితే నాను బతకనేనే" అంది. తర్వాత నాన్నతో, "నా మాట నమ్మొద్దన్నా. ఓసారి నమ్మినావు, సాలు. నన్ను బాగుసేసిన డాకటరమ్మ దగ్గరికి ముగ్గురం ఎల్దాం. ఆవిడ ఎల్లమంటే ఎల్లు" అంది.

ఆ డాక్టరమ్మ మమ్మల్ని కసిరి పంపేస్తుందనుకున్నాను. అలా చెయ్యలేదు. పైడమ్మత్త రక్తానికి ఒక పరీక్ష చేయించింది. ఒంట్లో సొంతంగా ఇన్సులిన్ తయారైతే దానితోపాటే మరో పదార్థం కూడా రక్తంలోకి వస్తుందట. బయటినుంచి పొడుచుకున్న ఇన్సులిన్‌లో అది ఉండదు. కాబట్టి ఎక్కించిన కణాలు పనిచేస్తున్నాయో లేదో దాన్నిబట్టి తెలిసిపోతుంది. ఫలితం వచ్చాక మళ్ళీ వెళ్ళాం. పైడమ్మత్త ఒంట్లో సొంత ఇన్సులిన్ జాడే లేదు.

నాన్న కాగితం వంక చూస్తూ, "అయితే ఈ మూలకణాల మాటంతా బూటకమేనా అమ్మా?" అని అడిగాడు. ఆ గొంతులో కోపం లేదు. ఏదో చేజారిపోతున్నవాడి గొంతు.

"మూలకణాలు బూటకం కాదండీ" అంది డాక్టరమ్మ. "మూలకణం అంటే ఇంకా ఏ పనికీ కుదురుకోని కణం. దాన్ని సరైన పద్ధతిలో పెంచితే ఇన్సులిన్ తయారుచేసే కణంగా మారుతుంది. పెద్ద పెద్ద ల్యాబుల్లో ఏళ్ళ తరబడి దానికోసమే కష్టపడుతున్నారు. కొవ్వు తీసి అలాగే తిరిగి ఎక్కించేస్తే అవి మారవు. ఒకవేళ మంచి కణాలు తయారైనా, మొదటివాటిని చంపిన ఒళ్ళే వాటినీ చంపుతుంది. అది ఆపే దారి కూడా వెతకాలి. వస్తుందని నాకు నమ్మకముంది. కానీ ఇప్పుడు అమ్మడానికి మాత్రం ఎవరి దగ్గరా లేదు."

బయటికి వచ్చాక నాన్న రైలు టిక్కెట్లు చించలేదు, పారెయ్యలేదు. మమ్మల్ని తీసుకుని స్టేషనుకి వెళ్ళి రద్దు చేయించి, అక్కడి బెంచీ మీద కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు. పైడమ్మత్త కాస్త దూరంగా నిలబడింది.

ఆమె మళ్ళీ డ్యూటీకి వచ్చిన రోజు నేను బస్సులో ఉన్నాను. ఊరు దాటాక, టిక్కెట్లు కొట్టడం అయ్యాక, బస్సు మధ్యలోకి వచ్చి నిలబడింది. డ్రైవరుని కాస్త నెమ్మదిగా పోనిమ్మంది. ఏ కడ్డీ పట్టుకుని ఆ క్లినిక్కు సంగతి చెప్పిందో అదే కడ్డీ పట్టుకుని గొంతెత్తింది.

"అందరూ ఓసారి ఇనండి. నాను సూది మానేస్తానని ఇక్కడే సెప్పినాను. అది అబద్ధమైపోయింది. నన్ను మోసం సేసినారు. నాను సావు దాకా ఎల్లొచ్చినాను. నా దగ్గర సిరునామా తీసుకున్నోళ్ళు ఎవరున్నా అక్కడికెల్లకండి. మీ సుట్టాలకి సెప్పుంటే వాళ్ళకీ సెప్పండి."

వెనక సీట్లోంచి ఒకాయన నవ్వాడు. "గవర్నమెంటు ఉద్యోగం సేస్తన్నావు, సదువుకున్నావు, ఎలా మోసపోయినావే?"

పైడమ్మత్త మెడ మీద నరం కదలడం కనిపించింది. ఆమె నోటి దురుసు తెలిసినదాన్ని కాబట్టి ఇప్పుడేదో అంటుందనుకున్నాను. "ఆశ బాబూ" అంది. "సదువుకున్నోళ్ళకి ఆశుండదేటి?"

నవ్వినాయన తల దించుకున్నాడు. నరసన్నపేట వచ్చింది. దానమ్మ బుట్ట దించుకుని, దిగకుండా మెట్టు మీదే ఆగింది. "మా సెల్లి కొడుక్కీ ఇదే జబ్బు. వచ్చే వారం తీసుకెల్దామని అంతా సర్దుకున్నాం పైడమ్మా" అంది. తడిచేత్తో ఆమె చెయ్యి ఒకసారి నొక్కి దిగిపోయింది. పైడమ్మత్త చాలాసేపటి వరకు రైట్ చెప్పలేదు. డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. అప్పుడు ఈల వేసింది. మరుసటి రోజు కూడా అదే మాట చెప్పింది, ఆ రోజు ఎక్కినవాళ్ళు వేరు కాబట్టి. అలా ఎన్నాళ్ళు చెప్పిందో నాకు గుర్తు లేదు. చివరికి డ్రైవరే, "అందరికీ తెలిసిపోయింది, ఇంక సాలించు" అన్నాడు.

ఆ తర్వాత ఆమెకి ఆ విషయమంటేనే విరక్తి పుడుతుందనుకున్నాను. అలా జరగలేదు. డాక్టరమ్మ మాటలు ఆమెని పట్టుకున్నాయి. ఇంటర్ పూర్తయి నేను ఏం చదవాలా అని ఆలోచిస్తుంటే, "మరి నిజంగా సేస్తన్నోళ్ళున్నారని సెప్పింది కదే డాకటరమ్మ? ఆళ్ళ దగ్గరికెల్లి సూడు. ఎవరో సేస్తారని ఎన్నాళ్ళు ఎదురు సూస్తాం?" అంది. నేను విశాఖపట్నంలో బయోటెక్నాలజీ చదివాను. తర్వాత హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో చేరాను. మా పని మూలకణాలని ఇన్సులిన్ కణాలుగా మార్చడం. వినడానికి ఒక్క వాక్యం. చెయ్యడానికి వారాల తరబడి, ఆదివారం పండగ లేకుండా, రోజూ వాటికి ఆహారం మార్చాలి. ఒక్కో దశలో ఒక్కో రసాయనం ఇవ్వాలి. చివరికి అవి ఉండలు కట్టాక చక్కెర నీళ్ళు పోసి ఇన్సులిన్ వదులుతాయో లేదో చూడాలి. మారకుండా మిగిలిపోయిన కణాలుంటే గడ్డలుగా పెరిగే ప్రమాదముంది. చాలాసార్లు ఏదో ఒకచోట తప్పుతుంది. పైడమ్మత్త ఫోన్ చేసినప్పుడల్లా మొదటి మాట ఒక్కటే. "ఏటే, ఎంతదాకా వచ్చింది?" బాగుంటే బాగుందని, పోతే పోయిందని చెప్పేదాన్ని. పోయిందన్నప్పుడు, "పోనీలే, ఎందుకు పోయిందో సూడు" అనేది.

ఒకసారి కళ్ళు చూపించుకోవడానికి హైదరాబాదు వచ్చింది. చూపు అప్పటికే మందగించింది. అనుమతి తీసుకుని మా ల్యాబుకి తీసుకొచ్చాను. తెల్లకోటు వేసుకుని, జుట్టుకి టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుని మురిసిపోయింది. మైక్రోస్కోపు కింద పళ్ళెం పెట్టి, తెర మీద పెద్దదిగా కనపడేలా చేశాను. ఇన్సులిన్ ఉన్న కణాలని ఎర్రగా చూపించే రంగు వేసి ఉంచాను. గుండ్రంగా, ఎర్రగా, చిన్నచిన్న ఉండలు.

"సోళ్ళ గింజల్లాగున్నాయే" అంది, తెరకి ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి. రాగులని మావైపు చోళ్ళంటారు. చాలాసేపు చూసింది. తర్వాత నావైపు తిరక్కుండానే అడిగింది. "ఇయ్యి నాకెయ్యొచ్చా?"

ఆ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని నాకు తెలుసు. వేరే దేశాల్లో పరీక్షల కోసం కొద్దిమందికి ఇలాంటి కణాలు పెట్టారని, వాళ్ళలో కొందరు సూది మానగలిగారని, కానీ ఒళ్ళు వాటిని చంపకుండా రక్షణశక్తిని అణిచే మందులు వాడాలని, అవి అప్పటికే దెబ్బతింటున్న ఆమె మూత్రపిండాలకి మంచివి కావని చెప్పాను. మావైతే ఇంకా మనుషుల దాకా రాలేదని చెప్పాను.

"అత్తా, నీకెయ్యలేం."

"నాకు కాదు. సరే. నీకో?"

"నాకూ చెప్పలేను. వస్తుందనే అనుకుంటున్నాను. ఎప్పుడో తెలీదు."

ఆమె తల ఊపింది. కళ్ళు తుడుచుకుందో, చూపు ఆనక నులుముకుందో నాకు అర్థం కాలేదు. "ఎప్పుడో తెలీదన్నావు సూడు, ఆ క్లినిక్కోళ్ళు ఆ మాట ఒక్కటీ అన్నేదే. అంతా వాళ్ళకి తెలుసన్నారు" అంది. బయటికి వచ్చి కోటు విప్పుతూ, "ఇంకోసారి సూపిస్తావేటి?" అని అడిగింది. మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి చూపించాను.

తర్వాత ఆమె మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్నాయి. శ్రీకాకుళంలో డయాలసిస్ చేయించుకుంటూ ఉండేది. తనకి అలవాటైన రూటులోనే, ఇప్పుడు ప్రయాణికురాలిగా, ముందు సీట్లో కూర్చుని వెళ్ళేదట. కొత్త కండక్టరు చిల్లర సరిగ్గా ఇవ్వట్లేదని నాకు ఫోన్లో ఫిర్యాదు చేసేది. మొన్నటి వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయింది. నేను వెళ్ళేసరికి వీధి నిండా జనం. ఎవరెవరో నాకు తెలియదు. అందరూ ఆ బస్సు ఎక్కేవాళ్ళే.

ఈ మధ్య మా ల్యాబులో ఒక విడత కణాలు చాలా బాగా వచ్చాయి. చక్కెరకి చక్కగా స్పందించాయి. సంస్థలో అందరి ముందూ నేనే ఫలితాలు చూపించాను, చప్పట్లు కొట్టారు. పత్రికవాళ్ళు కూడా రాశారు. తర్వాత అదే పని మళ్ళీ చేస్తే రాలేదు. ఇంకోసారి చేసినా రాలేదు. చిన్నగా ఒక నివేదికలో ఆ సంగతి రాసి ఊరుకోవచ్చని మా జట్టులో ఒకతను సలహా ఇచ్చాడు. అందులో తప్పేమీ లేదు కూడా. నేను అదే గది అడిగి తీసుకున్నాను. అంతమందినీ మళ్ళీ పిలిచాను. ముందు చెప్పినది నిలబడలేదని, ఎందుకో ఇంకా తెలియదని, వెతుకుతున్నామని చెప్పాను. గొంతు వెనక వరసకి వినపడేలా ఎత్తాను.

పత్రికలో వార్త చూసి అంతకుముందే ఒక తండ్రి ఫోన్ చేశాడు, పొందూరు నుంచి. కొడుక్కి తొమ్మిదేళ్ళు. మందు వచ్చేసిందని విన్నాడట. ఆ సమావేశం అయ్యాక నేనే ఆయనకి ఫోన్ చేశాను. "ఇంకా రాలేదండీ. మేము అనుకున్నది మళ్ళీ చేస్తే నిలబడలేదు. బాబుకి ఇంజెక్షను ఒక్క పూట కూడా మానకండి" అన్నాను. ఆయన వెంటనే ఫోన్ పెట్టేశాడు. కోపమొచ్చిందనుకున్నాను.

మర్నాడు పొద్దున ఆయనే చేశాడు. "మేడం, వాడు సూదంటే మంచం దిగట్నేదు. నొప్పెట్టదని సెప్తే నమ్మట్నేదు. ఏటి సెప్పమంటారు?"

"ఫోను వాడికివ్వండి" అన్నాను.